కాళ్ళు పట్టే కోడలు

అత్తయ్యా,

మీరు పోయి రేపటికి ఏడాది. బతికుండగా మీకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

రాయపూర్‌లో మన తెలుగువాళ్ళు ఎవరు కనిపించినా నా ఉద్యోగం గురించి మీది ఒకటే మాట: "మా సిన్నకోడలా? ఆస్పత్రిలో పరాయి మగోళ్ళ కాళ్ళు పడతాదమ్మా!" నేను ఎముకల క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టునని, విరిగి అతికిన కాళ్ళను మళ్ళీ నడిపిస్తానని మా ఆయన చెప్పబోతే, "పేరేదైతే ఏటి, కాళ్ళు పట్టడమే గదా" అని కొట్టిపారేసేవారు. పక్కనే కూర్చుని పకపకా నవ్వేది మీ పెద్దకొడుకు.

ఆ బావగారే సిల్తారా ఫ్యాక్టరీలో నిచ్చెన మీంచి పడ్డారు. పిండికట్టు విప్పాక మోకాలు వంగలేదు. మీ సంవత్సరీకానికి పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి కదా! డాక్టరుగారు నా దగ్గరికే పంపారు. మా క్లినిక్‌లో ఆయా బుగ్గలు నొక్కుకుంది. "హాయ్ రామ్, జేఠ్‌జీని ముట్టుకుంటారా దీదీ?" అంది. ఇక్కడి కోడళ్ళు భర్త అన్నగారిని ముట్టుకోకూడదట.

ముట్టుకున్నాను. బోర్లా పడుకోబెట్టి, మడమ పట్టుకుని మోకాలు వంచాను. "బస్, బస్! నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా, ఒగ్గీ!" అని ఆయన పెట్టిన కేక బయట బెంచీ మీదున్న పేషెంట్లందరికీ వినిపించింది. నేను వదల్లేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఏ రోజూ వదల్లేదు.

ఇవాళ మోకాలు పూర్తిగా వంగింది. రేపు ఆయన పీట మీద కూర్చుంటారు. కాళ్ళు పట్టే ఈ చేతుల పుణ్యమా అని మీకు పిండం అందుతుంది.

తినండి.