లేనాకు తీసిన దిష్టి

బోటనీ డౌన్స్, ఆగస్టు 2016, శనివారం

మా ఇంట్లో అద్దెకుంటున్న లేనాకు వాళ్ల జర్మనీలో మొదటి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ కాంట్రాక్టు వచ్చింది. ఇవాళ ఇక్కడి క్లబ్బులో ఆఖరి మ్యాచ్. మైదానం అంచు వెంట, వింగ్‌లో బంతితో దూసుకుపోతుంటే పక్కావిడ ఎవరా పిల్ల అని అడిగింది. "మా అమ్మాయే" అనేశాను.

ఇంటికి రాగానే దిష్టి తీసి, ఎండుమిరపకాయలు స్టవ్ మీద కాల్చాను. స్మోక్ అలారం మోగింది.

"ఇంత ఘాటొచ్చిందంటే అసలు దిష్టే లేదన్నమాట," అన్నారు మావారు దగ్గుతూ.

నాకు ఒళ్లు మండింది. అంత బాగా ఆడిన పిల్లకి దిష్టి తగలకపోవడమేమిటి?

"ఆంటీ, వన్ మోర్ టైమ్?" అంది లేనా, పోయినేడు ఆపరేషనైన మోకాలు చూపిస్తూ.

మళ్లీ తీశాను. వచ్చేవారమే ప్రయాణం. అక్కడ అన్నీ పెద్ద స్టేడియాలు, అన్ని కళ్లు. వాళ్లమ్మ ఉంటుంది, నిజమే. కానీ ఆవిడకి దిష్టి తీయడం ఏం వచ్చు...