మూడో పిలుపు

మునగపాక దగ్గర మన ఊరు,
గురువారం

చిరంజీవి నానాజీకి,

అక్క ఆశీస్సులు. అమ్మ, నేను, గేదెలు, అందరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ కులాసా అని ప్రతిసారీ నేనే అనుకుని రాసేస్తాను కదా, ఈసారి ఆ వాక్యం రాయడం లేదు. అది నువ్వు రాసి పంపాలి. ఈ ఉత్తరం అందగానే మిగతా పనులు పక్కన పెట్టి ఒక్క ముక్క రాసి పోస్టులో వెయ్యి. ఎందుకో చివర్లో చెబుతాను. ముందే చెబితే నువ్వు మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలుసు.

మీ సైన్యం ఉన్న ఆ కొండల మీద సిగ్నల్ అందదని, కిందికి దిగేదాకా ఫోను కుదరదని రాసిన ఉత్తరం అందింది. అందులో నువ్వు అడిగినవాటికి జవాబులు ఇవిగో. అమ్మ మోకాలు ఫరవాలేదు. నూనె మాత్రం నేను రాస్తే తప్ప రాయించుకోదు. చెరకు ఏపుగా ఉంది, గాలి లేస్తే ఆ చప్పుడు వాకిట్లోకి వినబడుతోంది. మందు కొట్టించాను. నా పెళ్లి గురించి అడిగావు, దాని జోలికి రాకు.

అక్కా నువ్వు చదివే అడ్మినిస్ట్రేటివ్ లా అంటే ఏటి, గవర్నమెంటు మీద కేసులెయ్యడమేనా అని వెక్కిరించావు. దాదాపు అదే అనుకో. కాకపోతే ప్రభుత్వం చేసిన నిర్ణయం మంచిదా చెడ్డదా అని కోర్టు తూకం వెయ్యదు. ఆ నిర్ణయానికి ఏ దారిన వచ్చారో చూస్తుంది. నష్టపోయేవాడిని పిలిచారా, వాడు చెప్పింది విన్నారా, విన్నది పట్టించుకున్నారా. నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, బెల్లం రుచి చూడటం కాదు, పాకం ఎలా కాచారో అడగటం. నాకు ఈ చదువులో నచ్చింది అదే. ఎంత పెద్ద ఆఫీసరైనా మనిషిని పిలిచి, మాట విని, తర్వాతే సంతకం పెట్టాలి.

పిలుపు అంటే గుర్తొచ్చింది. హాజరు పిలిచేటప్పుడు ఆలస్యంగా పలుకుతున్నావని హవల్దార్ తిట్టాడని, ఇప్పుడు మొదటి పిలుపుకే పలుకుతున్నానని, ఆ సంగతి అమ్మకి చెప్పొద్దని రాశావు. చెప్పలేదు. మన ఊళ్లో పిలిచినవాళ్ల మొహం కనబడకపోతే మూడోసారి దాకా ఎవరూ నోరు విప్పరు కదా. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు, మనిషి కానిది రెండుసార్లతో ఆగిపోతుంది, దానికి పలికినవాణ్ని తనతో పట్టుకుపోతుంది అంటారు. చిన్నప్పుడు పశువులశాలలోంచి నువ్వు మొదటి పిలుపుకే ఓయ్ అన్నావని నానమ్మ నోటి మీద కొట్టింది. ఆ రోజు బయట నిలబడి పిలిచింది ఎవరో మనకి ఇప్పటికీ తెలియదు.

ఇంక బైపాసు రోడ్డు సంగతి. నీకు సగమే చెప్పాను, ఇప్పుడు మొత్తం విను. మన చెరకు తోట, దాని గట్టున నాన్న సమాధి, రెండూ రోడ్డులోకి పోతాయని వేసవిలో నోటీసు వచ్చింది. అభ్యంతరం ఉన్నవాళ్లు విచారణకి రమ్మన్నారు. నాన్న పోయాక పాసుపుస్తకంలో పేరు మార్పించలేదు కాబట్టి నోటీసు ఆయన పేరునే ఉంది. ఊరు ఊరంతా వెళ్లాం. ఆఫీసు లోపల గుమాస్తా కూర్చుని మైకులో పేర్లు పిలుస్తున్నాడు, మేం బయట రేకుల కింద కూర్చున్నాం. చూరుకి కట్టిన స్పీకర్లోంచి గొంతు వస్తోంది తప్ప మనిషి కనబడడు. ఒక్కో పేరు ఒక్కసారే పిలిచి తర్వాతి పేరుకి పోయాడు. మనవాళ్లు ఒక్కరూ పలకలేదు. రెండో పిలుపు, మూడో పిలుపు వస్తాయని చూస్తూ కూర్చున్నారు. లా చదువుతున్న నేను కూడా కూర్చున్నాను. లేచి లోపలికి వెళ్లాలని తెలుసు, నాలుక కదిలితే ఒట్టు.

తర్వాత సన్యాసిరావు అని నాన్న పేరు పిలిచారు. వెంటనే మా వెనక, గోడ వైపు నుంచి, "వత్తన్నాను" అని వినబడింది.

వెనక్కి తిరిగి చూస్తే గోడే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది కానీ నా వైపు చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. ఆ మాట ఊళ్లో ఈ రోజుకీ ఎవరూ ఎత్తలేదు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఊరందరూ గైర్హాజరట. సన్యాసిరావు ఒక్కడే హాజరట, అభ్యంతరమేమీ చెప్పలేదట. కాబట్టి భూమి తీసుకోవచ్చట. నేను పని నేర్చుకుంటున్న లాయరు వెంకటరమణమూర్తి గారు అది చదివి పడీపడీ నవ్వారు. బతికున్నవాళ్లని వదిలేసి చచ్చిపోయినాయన్ని విచారించారు, ఇంతకంటే మంచి కేసు నీకు జన్మలో దొరకదమ్మాయ్ అన్నారు. మూడు పిలుపుల ఆచారం గురించి చెబితే దాన్ని కూడా పిటిషన్లో రాయించారు. ఎవరో పలికారని గుమాస్తా కోర్టుకి చెప్పుకున్నాడు. ఎవడో తుంటరివాడై ఉంటాడని మూర్తి గారు కొట్టిపారేశారు. నేను విన్నది ఎవరి గొంతో ఆయనకి చెప్పలేదు.

హైకోర్టులో గెలిచాం, నానాజీ. ఆర్డరు కొట్టేశారు. విచారణ మళ్లీ మొదటినుంచి జరపాలని, ప్రతి పేరూ మూడుసార్లు పిలవాలని, చనిపోయినవాళ్ల స్థానంలో వారసుల పేర్లు చేర్చాలని తీర్పు. నా వాదన తీర్పులోకి ఎక్కిందని ఆ రోజు నేల మీద నిలబడలేకపోయాను. నాన్న పేరు కొట్టేసి, అక్కడ అమ్మ పేరు, నా పేరు, నీ పేరు టైపు చేసింది నేనే.

ఆ రెండో విచారణ మొన్న మంగళవారం మధ్యాహ్నం జరిగింది. అమ్మ మంచి చీర కట్టుకుంది. బస్సులో నా చెవి దగ్గరకి వంగి, "మీ నాన్న పేరు కూడా ఓసారి పిలిపించవే, ఏటి పోతాది ఆళ్లకి" అంది. అలా కుదరదమ్మా అన్నాను. అనకాపల్లి వచ్చేదాకా కిటికీలోంచి చెరకు తోటలే చూస్తూ కూర్చుంది.

ఈసారి విచారణకి కొత్తగా ఒక డిప్యూటీ కలెక్టరు వచ్చింది, నా ఈడుదే. మైకు అదే, రేకులు అవే. చిన్నమ్మలు అని మూడుసార్లు పిలిచారు, మూడోదానికి అమ్మ పలికి లోపలికెళ్లి సమాధి గురించి, బోరు గురించి అన్నీ చెప్పింది. డిప్యూటీ కలెక్టరు మధ్యలో అడ్డుకోకుండా విని రాసుకుంది. తర్వాత ఇందు అని పిలిచారు, నేనూ చెప్పాను. రోడ్డు పక్కకి జరపడం కుదురుతుందేమో చూస్తానంది. మళ్లీ బయటికి వచ్చి, నీ తరఫున మాట్లాడడానికి కాగితం పట్టుకుని నిలబడ్డాను.

నానాజీ అని పిలిచారు. మొదటి పిలుపే. వెనక గోడ దగ్గర నుంచి, "వత్తన్నాను."

నీకు ఇంతదాకా చెప్పకుండా ఆపింది ఈ మాటే. ఆ డిప్యూటీ కలెక్టరు కూడా వింది. కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి, ఎవరు పలికారు అని అడిగింది. ఎవరూ తల ఎత్తలేదు. గోడ దాకా నడిచి వెళ్లి చూసింది. లోపలికి తిరిగి వెళ్లాక గుమాస్తాతో, "నాకు కనబడని మనిషికి నేను హాజరు వెయ్యను. గైర్హాజరు అని రాయండి" అంది. అతను ఆ ముక్క రాసేదాకా గుమ్మంలోనే నిలబడి చూశాను.

అమ్మ మాత్రం సంతోషంగా ఉంది. "మీ నాన్నే. పిల్లాడు దూరంగా ఉన్నాడని ఆడి బదులు ఆయనొచ్చేడు. ఆ గొంతు నాకు తెల్దేటి" అంటోంది. అప్పటినుంచి ఆకలి వేస్తోందని రెండు ముద్దలు ఎక్కువ తింటోంది కూడా. అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను. కానీ నువ్వు ఫోను చేసిన ప్రతిసారీ ఇదే అమ్మ నాన్న గొంతనుకుని ఉలిక్కిపడేది. మీ ఇద్దరి గొంతుల్లో తేడా నాకూ ఏనాడూ తెలియలేదు. మంగళవారం కూడా తెలియలేదు.

నాన్న పేరు ఉన్న చోట నీ పేరు పెట్టింది నేను. రాత్రీ పగలూ అదే కళ్ల ముందు కనబడుతోంది, భయంగా ఉంది. నిన్న తాసీల్దారు ఆఫీసు వైపు వెళ్తే సైన్యం బండి ఒకటి ఎవరిదో అడ్రసు అడుగుతూ ఆగింది. వేరే ఊరి అడ్రసని తెలిసేదాకా రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను.

మంగళవారం మధ్యాహ్నం నువ్వు ఎక్కడ ఉన్నావో, ఏం చేస్తున్నావో, ఏం తిన్నావో నీ చేత్తో రాసి పంపు. నువ్వు ఇక్కడికి రాలేదని ప్రభుత్వం రికార్డులో రాసుకుంది. అది నిజమని నువ్వు చెప్పాలి. అప్పటిదాకా బయట ఎవరు పిలిచినా, హవల్దార్ తిట్టినా సరే, మూడోసారి దాకా పలకకు.

ఇట్లు,
నీ జవాబు చూసేదాకా వాకిలి దాటని
మీ అక్క ఇందు