మూడవ పాఠంలో మా తమ్ముడి ఫోటో

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: 'ఫోన్లో వచ్చేదంతా నిజమేనా?' అను మూడవ పాఠము నుండి ఒక ఫోటో తొలగించుట గురించి.

నేను ఏడవ తరగతికి కంప్యూటరు పాఠాలు చెప్పు ఉపాధ్యాయుడను. నేను తయారుచేసిన పై పాఠమును అన్ని పాఠశాలలకూ అచ్చు వేయించుచున్నట్లు తమ ఉత్తర్వు అందినది. ప్రశంసాపత్రము కూడ ముట్టినది. కృతజ్ఞుడను.

1. అబద్ధపు సందేశమును కనిపెట్టుట నేర్పవలెనన్న ఒక అబద్ధపు సందేశము కావలెను. పరాయివారికి హాని కలుగరాదని మా తమ్ముడి ఫోటోనే వాడితిని. వాడు ఇంటింటికీ తిరిగి గ్యాసు పొయ్యిలు బాగుచేస్తాడు. భుజాన సంచితో నిలబెట్టి నేనే తీశాను. కింద, వీడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు, జాగ్రత్త, అని రాశాను. చదివి వాడే పడీపడీ నవ్వాడు.

2. అన్నిటికన్నా అడుగున 'ఇది అభ్యాసం కోసం రాసిన అబద్ధం' అని గమనిక చేర్చి, ఇంటిపనిగా తల్లిదండ్రుల ఫోన్లకు పంపితిని. ముప్పై ఎనిమిది మంది పిల్లలూ తప్పులు పట్టి రాసుకొచ్చారు. తేదీ లేదు, పంపినవారి పేరు లేదు, పోలీసుల మాట లేదు. అందరికీ పదికి పది వేశాను. కాని ఆ గమనిక ఫోను తెరలో పట్టలేదు. ఎవరింట్లోనో పెద్దలు కనబడినంత మేరకు స్క్రీన్‌షాట్ తీసి నలుగురికీ పంపారు.

3. నాలుగవ రోజున ఒక వీధిలో వాడిని కొట్టారు. పొయ్యి బాగుచెయ్యమని పిలిపించుకున్న ఇంటివారే తలుపు వేసుకున్నారు. కుడికన్ను పోయింది. ఇది నా చేతులారా జరిగినది. ఏడుపు వస్తుందేమోనని ఆసుపత్రి బల్లమీద చాలాసేపు కూర్చున్నాను. రాలేదు.

4. ఫోటో తీసివేయమని తమ కార్యాలయమునకు కాళ్లరిగేలా తిరిగితిని. గుమాస్తా గారు మర్యాదగానే కూర్చోబెట్టి, "గమనిక అక్షరాలు పెద్దవి చేయించాం మాస్టారూ, ఇంకేం భయం లేదు. ఫోటో మాత్రం చాలా సహజంగా ఉంది" అన్నారు.

కావున అచ్చుకు పోకముందే ఆ ఫోటో తొలగింప ప్రార్థన. ఎవరిదో ఒకరిది ఉండి తీరవలెనన్న నాది జతపరచితిని. సంచి తగిలించుకునే తీయించుకున్నాను. అభ్యంతరము లేదని సంతకము చేసితిని.

ఆలస్యము కాకుండ చిత్తగించవలెనని వేడుకొను,
తమ విధేయుడు,
కంప్యూటరు మాస్టారు

తా.క.: దెబ్బలు తిన్నాక తమ్ముడు నాతో మాట్లాడలేదు. నిన్న అన్నం కలిపి పెడుతుంటే అడిగాడు, "పిల్లలు కనిపెట్టారా అన్నయ్యా?" అందరూ కనిపెట్టారని చెప్పాను. "అయితే పాఠం బాగానే చెప్పావు" అన్నాడు. వెటకారంగా అనలేదండీ. నిజంగానే అన్నాడు.