నోవహు భార్య పేరు

ఫిబ్రవరి 4, మంగళవారం
అనిత 7.10కి వస్తానని 7.52కి వచ్చింది. నలభై రెండు నిమిషాలు. మనవరాలని రాయితీ లేదు. ఇక్కడ రాసిపెడుతున్నాను.

దాని పీహెచ్‌డీకి నాటకం ఆడించి చూపాలట. మన వీధినాటకం, ఆరు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండు బైబిలు నాటకాలు ఒకే తీరువని దాని వాదన. అక్కడ ఒక్కో వృత్తివాళ్లు ఒక్కో కథను బండి మీద పెట్టుకొని, పట్టపగలు వీధి వీధికీ తిప్పి ఆడేవారట. అనిత నోవహు కథను ఆళ్లగడ్డలో ట్రాక్టర్ ట్రాలీ మీద ఆడిస్తుంది. ఆడేది అక్కడి వీధినాటక బృందం. మాటలు నన్ను రాయమంది.

ఒప్పుకున్నాను. షరతు ఒకటే: బైబిలులో లేని సంగతి ఒక్కటీ ఉండకూడదు.

ఫిబ్రవరి 6
ఇంగ్లండు నాటకాల్లో నోవహు భార్య ఓడ ఎక్కనని మొగుడితో పోట్లాడుతుందట. అనిత ఆశగా చెప్పింది. ఆదికాండములో ఆ తల్లి నోరే విప్పదు. కొట్టేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం
ఉదయం బస్సులో ఆళ్లగడ్డ. రిహార్సల్.

నోవహు భార్య వేషం నరసింహులుది. వయసు యాభై ఎనిమిది, మీసం లేదు, నలభై ఏళ్లుగా ఆడవేషాలే. నా కంటే నిండుగా చీర కడతాడు. స్క్రిప్టు మొదటి పేజీ తిప్పి, ఈమె పేరేంది టీచరమ్మా అన్నాడు. బైబిలులో లేదన్నాను. ఉంటే కదా తెర దించేది అన్నాడు.

వీధినాటకంలో పాత్ర ముందు తెర వెనక నిలబడి గజ్జెలు ఆడించాలి. హాస్యగాడు ఎవరమ్మా నువ్వు, పేరేంది, ఎవరి బిడ్డవు, ఏ ఊరు అని అడగాలి. అన్నిటికీ జవాబు వస్తేనే తెర దిగుతుంది. నరసింహులు గురువు పెట్టిన నియమమట. పేరు లేకుంటే ప్రవేశమే లేదట.

ఇంగ్లండులో పేరు లేకుండానే వచ్చేది అని అనిత బతిమాలింది. వాళ్లకు తెర లేదేమోలేమ్మా అన్నాడు.

ఏదో ఒక పేరు పెట్టేద్దాం జేజీ అని నా మీద పడింది. ప్రకటన గ్రంథం ఇరవై రెండో అధ్యాయం తీసి, దేవుని గ్రంథానికి మాట కలిపినవాడి మీదికి ఏ తెగుళ్లు వస్తాయో చదివి వినిపించాను.

ఫిబ్రవరి 17
ఒక్క పాత్ర కూడా నా మాట వినని నాటకానికి పదకొండు పేజీలు రాశాను.

ఫిబ్రవరి 20, గురువారం
హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ ఎల్లుండి వచ్చి చూస్తాడు. ఆ ఆట పూర్తిగా జరగకపోతే అనిత నాలుగేళ్ల పని మట్టిపాలు. మార్చితో గడువు సరి. వాయిదాకీ వీలు లేదు, శివరాత్రికి బృందమంతా యాగంటిలో ఉంటుంది.

నరసింహులుకి నేనే ఫోన్ చేశాను. పేరు అడిగే చోటు వదిలేసి తెర దించమన్నాను. చూస్తాలే టీచరమ్మా అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఫిబ్రవరి 22, శనివారం
ఒప్పుకోలేదు.

11.06కి తెర పట్టారు. మద్దెల మొదలైంది. తెర పైన కొప్పు, కింద గజ్జెల కాళ్లు. హాస్యగాడు డేవిడ్ అడిగాడు: ఎవరమ్మా నువ్వు, పేరేంది? గజ్జెలే తప్ప జవాబు లేదు. రెండోసారి అడిగాడు. నోవహు సుత్తి పట్టుకొని నిలబడే ఉన్నాడు. జనంలో ఎవడో, వానొచ్చి పోయేటట్టుంది, పెండ్లాం ఇంకా రాలేదేందప్పా అన్నాడు. ఇంకొకడు, పేరు మర్చిపోయినట్టుంది, ఆధార్ కార్డు చూడండప్పా అన్నాడు.

11.19. పదమూడు నిమిషాలు. ప్రొఫెసర్ పెన్ను మూత పెట్టాడు. అనిత పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పిన రోజు ముఖం అది.

లేచాను. శివమ్మ, అని అరిచాను.

ఎందుకంటే నా పక్కన కూర్చుని మజ్జిగ తాగుతున్నది శివమ్మ. నరసింహులు వాళ్ల పక్కింటామె. వేరే పేరు తోచలేదు.

గజ్జెలు ఒక్కసారి ఆగి మళ్లీ మోగాయి. ఎవరి బిడ్డవమ్మా అని డేవిడ్ నన్నే అడిగాడు. నేను శివమ్మ వైపు చూశాను. కంబగిరి బిడ్డను, మాది గడివేముల అని ఆమె గట్టిగా చెప్పేసింది.

తెర దిగింది.

ఆ తర్వాత నా పదకొండు పేజీలు ఎటు పోయాయో తెలియదు. గడివేములలో నాయనను ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే ఓడ ఎక్కుదునా, పోయి పిల్చుకురాపో అని నరసింహులు నోవహు మీద విరుచుకుపడ్డాడు. జనం వన్స్ మోర్. మళ్లీ విరుచుకుపడ్డాడు. మూడోసారికి నా పక్కన శివమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచి, మా నాయన పోయి ఇరవై ఏండ్లాయె, నీళ్లొస్తాండాయి, ఎక్కు తల్లీ ఎక్కు అని కేక వేసింది. అప్పుడు ఎక్కాడు.

ప్రొఫెసర్ పెన్ను మూత తీసి చాలా రాసుకున్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం
చర్చికి పోలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి. జ్వరం లేదు.

మార్చి 12
ప్రొఫెసర్ రిపోర్టు వచ్చింది. అనిత వాదన గెలిచిందట. రాతలో లేని భార్య తిరుగుబాటు ఆళ్లగడ్డలో దానంతటదే పుట్టడం తన కళ్లతో చూశాడట. పైగా, నోవహు భార్యకు శివమ్మ అనే పేరు, గడివేముల పుట్టిల్లు మరెక్కడా దొరకని అపురూపమైన సంప్రదాయమట. దాని మూలం ఫుట్‌నోట్‌లో చూపితే వెంటనే ఆమోదం.

తరతరాల మౌఖిక సంప్రదాయం అని రాసేస్తాను జేజీ అంది అనిత. చెంప పగులుతుందన్నాను. మరేం రాయాలి అని ఏడ్చింది. రేపు చెబుతానన్నాను.

మార్చి 13, ఉదయం 5.40
అనితకు ఇలా రాసిచ్చాను. ఫుట్‌నోట్ 47. చెప్పినది: జీవమ్మ, 71, నంద్యాల. విన్నది: సుమారు మూడు వందల మంది. తేదీ: 22-2-2025, ఉదయం 11.19. అంతకు ముందు ఎవరూ చెప్పలేదు, నరసింహులు తప్ప ఎవరూ అడగలేదు.