అడుగున పడ్డ నూట నాలుగు గంటలు

పెదనాన్నగారికి,

నిన్న పంపిన పనిగంటల పట్టికలో తప్పు నాదే. ఎక్కువ గంటలు పైకి రావాలని కంప్యూటర్‌లో టెక్స్ట్ ఎడిటర్‌తో వరుస మార్చాను. అది అంకెల్ని మాటల్లా చూసి, మొదటి అంకెను బట్టే పెద్దాచిన్నా తేల్చేసింది. దాంతో 9 నెత్తికెక్కింది, 104 అడుగున పడింది. మీరేమో అంకెల జోలికి పోకుండా పేర్లే చూసి, అడుగునున్న ప్రూఫ్‌రీడరు మాస్టారిని రేపట్నుంచి రావద్దన్నారు. ఆ నూట నాలుగు గంటలూ ఆయనవే.

సరిచేసిన పట్టిక దీంతో పంపుతున్నాను. ఒక్కో వరుసా సరిచూశాను, ఢోకా లేదు. మాస్టారికి ఫోను మాత్రం మీరే చేయాలి.

నిన్న అందరి ముందూ మీరు మెచ్చుకున్న ఆ పై వరుస నాది. ఇప్పుడది అడుగునుంది. రేపు పదింటికల్లా ఆఫీసుకొస్తాను. మాస్టారికి చెప్పిన మాటే నాకూ చెప్పాలనుకుంటే, ఈసారి అంకె చూసి చెప్పండి.

మీ తమ్ముడి కూతురు