అమ్మ చుట్టిన లెక్క

కోరుట్ల

అన్నా,

మస్కట్ వస్తున్న నర్సింగం మామ చేతికి మామిడికాయ తొక్కు, ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఫోన్‌లో చెప్పేస్తే అయిపోయేది, కానీ అమ్మ ఒప్పుకోలేదు. కాగితం మీద అక్షరాల్లో రాసి పంపమంది.

నువ్వు పోరు పెట్టగా పెట్టగా మొన్న అమ్మ బీడీలు చుట్టుడు మానేసి చాట పక్కన పెట్టేసింది. నేను బడిపిల్లల కోసం పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాసే లెక్కలు తయారుచేస్తుంటే, "నేను చుట్టినయి ఎన్నో రాయి బిడ్డా" అంది. రోజుకు వెయ్యి. పండుగలు, జ్వరాలు పోను ఏడాదికి మూడు వందల రోజులు. అట్లా ముప్పై ఏండ్లు. 90,00,000 అని రాసి, "తొంభై లక్షలు" అని చదివాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. "గంతేనా? ఒక్క తొమ్మిది, తతిమ్మయన్నీ సున్నలేనా?"

లక్షల స్థానం, వేల స్థానం అని నాకు తెలిసిన పాఠమంతా చెప్పాను. ఆమె వినలేదు, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది. "తప్పు రాసినవ్. మీ అన్న పుట్టిన్నాడు వెయ్యి కాలే. పదిహేను కట్టలు కాంగనే నొప్పులు లేసినయ్."

కట్టకు ఇరవై ఐదు కదా, ఆ రోజు మూడు వందల డెబ్భై ఐదే. నేను పుట్టింది సెలవు రోజట, నా వల్ల ఒక్క బీడీ తగ్గలేదు.

ఆరు వందల ఇరవై ఐదు తీసేసి మళ్లీ రాశాను: 89,99,375. ఎనభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల మూడు వందల డెబ్భై ఐదు.

అమ్మ ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసింది. ఎక్కడా సున్నా లేదు.

"సున్నలన్నీ నా కొడుకే మింగిండు. వానికే పంపు" అని నవ్వింది.

నీ చెల్లె