ఆపమంటే ఆగుతుందా

జూలై 2, మంగళవారం

మా అమ్మాయి పెలీనా సొంతంగా పాటల ప్లేయర్ కొంటానంటోంది. పెళ్లిళ్లలో, పెద్దలకు బిరుదులిచ్చే పండగల్లో పాటలు వేసే పిల్ల ఎన్నాళ్లని అరువు సామానుతో నెట్టుకొస్తుందని దాని వాదన. పట్నంలో, అపియాలో, సముద్రం ఒడ్డున ఒక బారు మూసేస్తున్నారట. అక్కడ డీజేలు వాడిన పెద్ద ప్లేయర్ అమ్మకానికి ఉందట.

నాకు భయంగా ఉంది. కొత్త సంవత్సరం రోజు అరువు తెచ్చిన స్పీకర్ ప్రార్థన వేళలో ఒక్కసారి గర్రుమంది. ప్రార్థన మొదలయ్యే రెండో శంఖానికీ, ముగిసే మూడో శంఖానికీ మధ్య. ఊరంతా మోకాళ్ల మీద ఉంది, రోడ్డు మీద బండ్లు కూడా ఆగి ఉన్నాయి. ఒక ఆడ పంది, ఇరవై పెట్టెల డబ్బా చేపలు జరిమానాగా ఇచ్చుకున్నాం. ఇంకోసారి జరిగితే ఊరు విడిచి పొమ్మని పెద్దల సభ చెప్పింది. ఈ నేల నా భర్త వంశానిది. ఆయన పోయి ఆరేళ్లు. ఇక్కడి నుంచి పొమ్మంటే చాప పరుచుకోవడానికి నాకు ఇంకో చోటు లేదు.

వద్దన్నాను. అది అలిగి అన్నం తినలేదు.

జూలై 4, గురువారం

ఒప్పుకున్నాను. కానీ నేనూ వస్తాను, అడగాల్సినవి అడిగాకే కొనాలి అన్నాను. రొట్టెపండు కాలుతుండగా కాగితం తీసుకుని కూర్చున్నాం.

పెలీనా ప్రశ్నలు: ఏయే రకం పాటల ఫైళ్లు చదువుతుంది? రేపు ఇంకొకటి కొంటే రెండూ కలుస్తాయా? పైన చేత్తో తిప్పే చక్రం వదులైందా? అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా, కంపెనీ మానేసిందా? సముద్రపు గాలికి వెనక వైర్లు గుచ్చే రంధ్రాలు తుప్పు పట్టాయా? అసలు వైరు ఉందా? బారు వాళ్లదేనా, ఎవరి దగ్గరైనా కొట్టేసిందా?

నావి రెండే. కరెంటు పోయి వస్తే తనంతట తాను మొదలుపెడుతుందా? ఆపాలంటే ఏది నొక్కాలి?

ఇవి కూడా ప్రశ్నలేనా అమ్మా అంది. ఇవే ప్రశ్నలు అన్నాను.

జూలై 6, శనివారం

కొన్నాం.

బారు ఆయన పేరు విలి. లావుపాటి మనిషి, ఊరికే నవ్వుతాడు. నా చేతిలో కాగితం చూసి, "అమ్మగారూ, ప్లేయర్ కొంటున్నారా, అల్లుణ్ణి వెతుక్కుంటున్నారా?" అన్నాడు. పెలీనా పడీపడీ నవ్వింది. నాకు చెవులు వేడెక్కాయి. అయినా వరుసగా అన్నీ అడిగాను. పెలీనా టార్చి వేసి చూస్తే ఒక రంధ్రంలో పచ్చటి తుప్పు కనబడింది. దానికి కొంత తగ్గించాడు.

నా ప్రశ్నకు మాటతో జవాబు చెప్పలేదు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. దీపాలు వెలిగాయి, చప్పుడు రాలేదు. ఎవరైనా నొక్కితే తప్ప ఇది నోరు విప్పదు అన్నాడు. పచ్చ బొత్తాం నొక్కితే మొదలవుతుంది, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది అని చూపించాడు. ఒకసారి మొదలుపెడితే మాత్రం డాన్సు మధ్యలో మీ పరువు తియ్యదు, ఏం జరిగినా నోరు మూయదు అని కూడా అన్నాడు. అది మెచ్చుకోలు మాట అనుకున్నాను. ఏం జరిగినా అంటే ఏమిటని అడగలేదు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కోడిపెట్టలా వెచ్చగా ఉంది.

జూలై 7, ఆదివారం

పాస్టర్ గారి ప్రసంగం ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.

జూలై 9, మంగళవారం

మధ్యాహ్నం పెలీనా హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టింది. ముందు శంఖం ఒక్కటే, తరువాత దాని కింద డోలు దరువు. మన ఊరి శంఖం. గబుక్కున తీసేశాను.

ఫిలెమోని తాతే ఊదాడమ్మా, నేను ఫోన్లో పట్టుకున్నాను అంది. తను పాటలు వెయ్యబోయే పెళ్లికి ఆక్లండ్ నుంచి వచ్చే చుట్టాలు ఈ శబ్దం వింటే ఏడుస్తారట. ఫిలెమోని బాబాయి ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరికి శంఖం ఊదుతున్నాడు. ఆయనే సంతోషంగా ఊదాడంటే నేనేమంటాను? కానీ దేవుడి కోసం ఊదేదాన్ని డాన్సులో పెట్టడం ఏమిటి?

తీసెయ్యమన్నాను. పెళ్లి అయ్యాక తీసేస్తానంది.

జూలై 11, గురువారం. సాయంత్రం 7:10

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పెలీనా అరువు స్పీకర్లు ప్లేయర్‌కు కలిపి చూస్తుండగా అయిదు గంటలకు కరెంటు పోయింది. స్విచ్చులు అలాగే వదిలేసి పాస్టర్ గారింటికి టారో దుంపలు పట్టుకెళ్లింది, ప్రార్థనకు అక్కడే ఉండిపోయింది. నేనొక్కదాన్నే ఉన్నాను. మొదటి శంఖం ఊదారు. రెండోది ఊదారు. కీర్తన చదువుతున్నాను. సగంలో కరెంటు వచ్చింది.

ప్లేయర్ వెలిగింది. చప్పుడు లేదు. విలి అబద్ధం చెప్పలేదు. కానీ పచ్చ బొత్తాం వెలుగుతూ ఆరుతూ ఉంది, ఎవరో కన్ను కొడుతున్నట్టు. అది ఏ క్షణాన పాట అందుకుంటుందో అని దాన్నే చూస్తున్నాను. కీర్తన మధ్యలో లేచాను. జీవితంలో మొదటిసారి. ఆ బొత్తామే ఆపుతుందనుకుని నొక్కాను.

శంఖం. డోలు ఇంకా అందుకోలేదు, శంఖం ఒక్కటే, రెండు స్పీకర్లలోంచి, ఊరంతటికీ.

ఇంకోసారి నొక్కాలని ఆ గాభరాలో తట్టలేదు, ప్లేయర్‌కు గుచ్చిన పాటల స్టిక్ పీకేశాను. స్టిక్‌లోనే కదా పాట ఉంది, పీకితే ఆగాలి. ఆగలేదు. చివరి ముక్కనే పట్టుకుని మళ్లీ ఊదింది. మళ్లీ ఊదింది. స్టిక్ నా పిడికిట్లో ఉంది, అది మాత్రం ఊదుతూనే ఉంది. గోడ దగ్గర వైరు లాగేస్తే ఆగింది.

ఊరు దాన్ని మూడో శంఖం అనుకుంది. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు అరుచుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తారు. ఊరి బయట ఆగిన పికప్ కదిలింది. పిల్లాణ్ణి తప్పించబోయి కాలవలో పడింది. పిల్లాడి మోచెయ్యి గీరుకుపోయింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆ తరువాత అసలు మూడో శంఖం మోగింది. అప్పుడు ఊరంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయింది.

కీర్తన పూర్తి చెయ్యలేదు.

జూలై 12, శుక్రవారం

మా ఇంటికి ఎవరూ రాలేదు. ఫిలెమోని బాబాయిని పిలిచారు.

ఆయన మూడే ఊదానన్నాడట. మరి ఆ మధ్యలోది ఎవరు ఊదారని అడిగితే మాట్లాడలేదట. ఆ ఊదుడు నీదే కదా, మాకు తెలియదా అన్నారట. దానికీ మాట్లాడలేదట. మతి తప్పిందని తేల్చి శంఖం తీసేసుకున్నారు.

పెలీనాకు చెప్పేశాను. డాన్సు ఆగకుండా ఉండటానికే అలా చేస్తారమ్మా, స్టిక్ ఊడిపోయినా చివరి ముక్క తిప్పుతూనే ఉంటుంది అంది. నాకు తెలుసు, నువ్వు అడగలేదని చెప్పలేదు అంది. తరువాత లేచి, పెద్దల దగ్గరికి వెళ్లి నేనే చేశానని చెప్తానంది. గడపకు అడ్డం నిలబడ్డాను. చెప్తే ఊరు పోతుంది, ఎక్కడికి పోతాం అన్నాను.

"తాత నోటి దగ్గరి శంఖం లాక్కున్నారమ్మా. మనం ఇక్కడ కూర్చుని కోకో తాగుతున్నాం."

ఆ పిల్లను నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, దాని చేతి మీద నా వేళ్ల గుర్తులు పడ్డాయి.

జూలై 13, శనివారం

ఇవాళ వేరేవాళ్లు ఊదారు. దగ్గులా ఉంది.

జూలై 14, ఆదివారం

ఫిలెమోని బాబాయి చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు శంఖంతో తలుపు దగ్గర నిలబడిన మనిషి. బయటికి వచ్చేటప్పుడు ఎదురుపడ్డాడు. ఏం ఫువా, ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను. చర్చి మెట్ల మీద అబద్ధం చెప్పాను.

నరకం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఇన్నాళ్లూ అది మంటల్లా ఉంటుందనుకున్నాను. ఆగమన్నా ఆగకుండా ఒకే ముక్క తిరుగుతూ ఉంటుంది, అంతే.

జూలై 15, సోమవారం. తెల్లవారుజామున 5:20

పెట్టెలోంచి మేలి చాప తీశాను. నా పెళ్లికి మా అమ్మ రెండేళ్లు నేసినది. నా శవం మీద కప్పాలని దాచుకున్నాను. దీన్ని నెత్తిన కప్పుకుని ఫిలెమోని బాబాయి వాకిట్లో కూర్చుంటాను. ఆయన వచ్చి ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే, ఎత్తలేదు. అప్పుడు ఎవరేం చేసినా అడగడానికి లేదు.

మా ఆయన అన్న, బావగారికి నిన్న చెప్పాను. మా వంశానికి పెద్ద ఆయనే. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

పెలీనా లేచింది. స్టిక్ నా జేబులో ఉంది.

అదే రోజు, సాయంత్రం

నేను, పెలీనా కూర్చున్నాం. చాప కింద చీకటి, పాత ఆకు వాసన. కొంతసేపటికి చాప అంచు ఎత్తి ఎవరో పక్కకు వచ్చారు. మోకాళ్లు టకటకమన్నాయి. బావగారు. "జరగండి, నాకు ఎండ తగులుతోంది" అన్నాడు.

ఎండ ఎక్కింది. కోళ్లు వచ్చి పోయాయి. జనం వచ్చి నిలబడటం తెలుస్తోంది. కాళ్లు తిమ్మిరెక్కి పోయాయి. ఎవరైనా రాయి విసిరితే ముందు పెలీనాకు తగలకూడదని దాన్ని నా వెనక్కి లాక్కున్నాను.

అప్పుడు చాప లేచింది. వెలుతురుకు కళ్లు కనబడలేదు. జేబులోంచి స్టిక్ తీసి చేత్తో పట్టుకుని చెప్పబోయాను. ఫిలెమోని బాబాయి నా చెయ్యి మూసేశాడు.

"నా ఊపిరి నాకు తెలియదా ఫువా? అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ సాయంత్రమే తెలుసు."

మరి ఎందుకు చెప్పలేదని బావగారు అడిగాడు. చెప్పాల్సింది నేను కాదు కదా అన్నాడు ఆయన.

జూలై 18, గురువారం

సభ మాట: అన్యాయం జరిగినవాడే చాప ఎత్తాడు కాబట్టి మేము ఊళ్లో ఉండవచ్చు. జరిమానా రెండు పందులు. శంఖం ఫిలెమోని బాబాయికి తిరిగి ఇచ్చారు. ప్లేయర్ ఉంచుకోవచ్చు, కానీ దాని వైరు రోజూ అయిదున్నరకు ఆయన ఇంటికి చేరాలి. మూడో శంఖం అయ్యాకే తిరిగి రావాలి.

పెలీనా శంఖం ముక్కను చెరిపేసింది. నా ఎదుటే.

జూలై 19, శుక్రవారం

ఫిలెమోని బాబాయి వైరు చక్కగా చుట్టి, దారం కట్టి పంపించాడు. వలలు చుట్టే మనిషి కదా.

జూలై 23, మంగళవారం

మూడో శంఖం మోగింది. ప్రార్థన నుంచి ఇంట్లో ఎవరూ లేవలేదు. పెలీనా, ప్రార్థనకు మా ఇంటికి వచ్చిన బావగారు నా మొహం వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను. ప్లేయర్ వెనక వైరు లేదు. ఊదింది బాబాయే.

అప్పుడు లేచాను.